ఎర్రగీత రెండో మనిషిది

ఎల్లేశం గొప్పలు చెప్పుకునే మనిషి. దాచడమెందుకు, లింగంపల్లి స్టేషన్ వెనక ఆయన షెడ్డుకు ఎవరొచ్చినా ముందు ఒక చాయ్, ఆ వెంటనే ఒక గొప్ప తప్పేవి కావు. మట్టి తవ్వే మిషన్ల చేతులకు ఉక్కు సిలిండర్లుంటాయి. వాటిలోకి నూనెను ఒత్తిడితో పంపితే మిషను చెయ్యి చాచుకుంటుంది, ముడుచుకుంటుంది. ఆ సిలిండరు కారడం మొదలుపెడితే విప్పి, నూనె ఆపే కొత్త రబ్బరు సీళ్లు వేసి, రాడ్డును అద్దంలా పాలిష్ పట్టి పంపడం ఆయన పని. "మాదాపూర్ల గా అద్దాల బిల్డింగులున్నయి సూడు. అండ్ల ఏ ఒక్కదాని పునాది తవ్విన మిషనన్నా నా షెడ్డుకు రాకుంట పోయిందా? అడుగు. ఎవర్నన్న అడుగు," అనేవాడు. ఎవరూ అడగలేదు. నిజమేనని అందరికీ తెలుసు.

అలాంటి మనిషి చేతికి విమానం దొరికితే ఇక పట్టగలమా?

విమానం హరితది. హరిత గోవిందప్ప కూతురు. గోవిందప్పది రాయలసీమలోని కదిరి. ఎయిర్ ఫోర్సులో విమానాలు బాగుచేసే సార్జంటుగా పనిచేసి, రిటైరై, మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగుకు మెయింటెనెన్స్ మేనేజరుగా కుదిరాడు. లిఫ్టులు, ఏసీలు, జనరేటర్లు ఆయన ఏలుబడి. హరిత అక్కడికి దగ్గర్లోనే ఇంకో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాస్తుంది, సెలవు రోజుల్లో విమానం నడుపుతుంది. నడిపితే సరిపోయిందా, సరిపోలేదు. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని, రెండు సీట్ల విమానం ఒకటి సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ విమానం ఎగిరాక మూడు చక్రాలూ పొట్టలోకి ముడుచుకోవాలి, దిగే ముందు మళ్లీ బయటికి రావాలి. ఆ పని చేసేవి మూడు బుల్లి హైడ్రాలిక్ సిలిండర్లు. వాటిని ఎవరి చేతిలో పెట్టాలా అని వెతుక్కుంటూ తండ్రీకూతుళ్లు ఎల్లేశం షెడ్డుకు వచ్చారు.

ఆయన ఒక సిలిండరును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పడాల కర్ర కంటే సన్నంగా ఉంది. "గిది సిలిండరా? నా ఏనుగులకు ఎలుకపిల్ల పుట్టినట్టున్నది," అని పకపకా నవ్వాడు. నవ్వాడే గానీ దాన్ని కింద పెట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన షెడ్డులో సగం విమానానిదైపోయింది.

గోవిందప్ప మొదటి రోజే ఒక పద్ధతి పెట్టాడు. "పని చేసినోడి కన్నును నమ్మకూడదప్పా. ఏం చేయాలనుకున్న్యాడో అదే వానికి కనపడతాది. ఏం చేసినాడో కనపడదు," అన్నాడు. అందుకని ఒకరు బిగిస్తే ఇంకొకరు చూడాలి. చూసేవాడు స్పానరు ముట్టకూడదు. చూసి, తడిమి, మనసు ఒప్పుకున్నాకే నట్టు మీంచి పైపు మీదికి సన్నగా ఒక ఎర్రగీత గీయాలి. నట్టు కొంచెం కదిలినా గీత విరిగి తెలిసిపోతుంది. ఆ గీత పని చేసినవాడు గీయకూడదు, రెండో మనిషే గీయాలి. గీత లేని నట్టుతో విమానం లేవకూడదు. ఎయిర్ ఫోర్సులో దానికి వేరే రంగు ఉండేదట. ఇక్కడ ఎల్లేశం భార్య సక్కుబాయి తన గోళ్లరంగు సీసా తెచ్చి చేతిలో పెట్టింది. పెళ్లిళ్లకని దాచుకున్న రంగు విమానానికి పోయింది.

ఇంకో కట్టడి కూడా పెట్టాడు. నీళ్ల పైపుల మరలకు చుట్టే తెల్ల టేపు ఉంటుంది చూశారా, అది విమానం దరిదాపుల్లోకి రాకూడదు. బిగించేటప్పుడు దాని తునక తెగి నూనెలో పడితే సూదిమొనంత దారులకు అడ్డుపడుతుంది, చక్రం దిగనంటుంది. "గిది నాకు జెప్తున్నవా? నూనెల పుట్టి నూనెల పెరిగినోన్ని!" అని ఎల్లేశం కస్సుమన్నాడు.

తన పని మీద ఇంకొకడు గీత గీయడమేమిటని మొదట్లో ఎల్లేశానికి ఒళ్లు మండింది. గోవిందప్ప బిగించిన నట్ల మీద తాను గీత గీసే వంతు వచ్చినప్పుడు మాత్రం మంట చల్లారింది. టార్చిలైటు పట్టుకుని, పెళ్లికూతురు మెడలో నగలు చూసే అత్తగారిలా, ప్రతి నట్టూ మూడుసార్లు చూసేవాడు. ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూ, చాయ్‌లు తాగుతూ, ఇద్దరూ ఆ పిల్ల విమానాన్ని నిలబెట్టారు. శంకరపల్లి దాటాక ఒక ప్రైవేటు రన్‌వే పక్కన రేకుల హ్యాంగరులోకి దాన్ని చేర్చారు. చక్రాలు కిందికే బిగించి ఉంచి హరిత దాన్ని చాలాసార్లు ఎగరేసింది. ఇక మిగిలింది ఒకటే, గాల్లో చక్రాలు ముడిచి మళ్లీ దించడం. దాన్ని కళ్లారా చూసి ఒప్పుకోవడానికి ఢిల్లీ నుంచి అధికారి రావాలి.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, బొగ్గు గనులు ఆగేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. ఎల్లేశం షెడ్డుకు తాళం వేసి, మెడలో గులాబీ కండువా వేసుకుని రోడ్డెక్కాడు. రాస్తారోకోలో ముందు వరస ఆయనదే, రోడ్డు మీద వంటావార్పులో గరిటె కూడా ఆయనదే. అటు గోవిందప్పకు కోతల పుణ్యమా అని పొద్దస్తమానం జనరేటర్లతోనే సరిపోయింది. ఒంటికి పట్టిన డీజిల్ వాసన స్నానం చేసినా పోయేది కాదు. విమానం దగ్గర కలిసినప్పుడు ఇద్దరూ ఆ ఊసెత్తకుండా జాగ్రత్తగా మసులుకునేవారు. ఒక ఆదివారం ఆ జాగ్రత్త చాలలేదు.

"ఊరంతా చీకటి చేసి ఏం సాధిస్తారప్పా మీరు?" అన్నాడు గోవిందప్ప.

"మా రాష్ట్రం మాకొస్తది. గంతే."

"మేమంతా వచ్చినాకనే గదా ఈ ఊరు ఊరైంది. అంతకుముందు మాదాపూరులో ఏముండె? రాళ్లు."

ఎల్లేశం చేతిలోని నూనెగుడ్డ కింద పెట్టాడు. "రాళ్లా? ఆ రాళ్ల నడుమనే మా తాత జొన్న పండించిండు. ఆ రాళ్లు పలగ్గొట్టిన మిషన్లకు నూనె వోసి నడిపించింది నేను. మీరొచ్చేటాల్లకు లిఫ్టు తయారుగుండె, బటన్ ఒత్తిన్రు. గంతే మీరు జేసింది."

గోవిందప్ప మొహం గంటు పెట్టుకుని మోటరుసైకిలెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ హ్యాంగరు వైపు రాలేదు. ఫోను చేస్తే తలొంచినట్టవుతుందని ఇద్దరూ చేయలేదు. ఇద్దరికీ అరవై దగ్గరపడుతోంది, ఇద్దరివీ మనవల్ని ఎత్తుకునే వయసులు, పంతం మాత్రం బడిపిల్లలది.

సరిగ్గా అప్పుడే ఎడమ చక్రం సిలిండరుకు చెమట పట్టింది. రాడ్డు మొదట్లో ఎర్రనూనె బొట్టు ఒకటి, తుడిస్తే మళ్లీ ఒకటి. ఎల్లేశం దాన్ని విప్పి షెడ్డుకు తెచ్చి, పాత సీళ్లు పీకి, కొత్తవి వేసి, రాడ్డును మొహం కనిపించేలా మెరిపించి, తీసుకెళ్లి బిగించాడు. హరిత పక్కనే ఉండి పైపు పట్టుకుంది, టార్చి చూపింది. విమానాన్ని జాకీల మీద లేపి చక్రాలు ముడిచి దించి చూస్తే బంగారంలా పనిచేశాయి. కానీ ఎడమ కాలి నట్ల మీద ఎర్రగీతలు లేవు. బోడిగా ఉన్నాయి. హరితతో గీయిద్దామంటే పైపు పట్టుకున్న చెయ్యి కూడా పని చేసిన చెయ్యే. పద్ధతి ఒప్పుకోదు.

ఢిల్లీ అధికారి వచ్చేది రేపు పొద్దున. రేపు తప్పితే, ఈ సమ్మెల రోజుల్లో ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

"నాన్న రానంటున్నాడు మామా," అంది హరిత. "మీరు పిలిస్తేనే వస్తానంటాడు. మీరేమో పిలవరు."

"నేనెందుకు పిలుస్త? రాళ్లున్న జాగకు ఆయనెందుకొస్తడు?"

హరిత నవ్వి, గోళ్లరంగు సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. "పోనివ్వండి మామా. మీరు చేసిన పని, నాకదే చాలు. గీత మీరే గీసేయండి. ఎవరికి తెలుస్తుంది?" అంది. అని, అధికారికి ఫోన్ చేయాలంటూ బయటికి నడిచింది.

మీరు చేసిన పని, నాకదే చాలు! ఇన్నాళ్లూ ఎల్లేశం చెప్పుకున్న గొప్పలన్నీ ఒక పక్క, ఈ ఒక్క మాట ఒక పక్క. ఆయన గుండె పొంగిపోయింది. సీసా మూత తిప్పి, కుంచె ముంచి, రెక్క కింద వంగి కూర్చున్నాడు. నట్టు తళతళా మెరుస్తోంది. ఒక్క గీత. రెప్పపాటు పని.

కుంచె కొసన రంగు చుక్క జారి ఆయన బొటనవేలి మీద పడింది. ఆయన దానివైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్ల తనను నమ్మి ఎక్కుతోంది. తాను తన కన్నును నమ్ముకుని ఎక్కిస్తున్నాడు. ఆ కన్నును నమ్మకూడదని చెప్పినవాడు మాదాపూర్‌లో జనరేటర్ల మధ్య ముటముటలాడుతూ కూర్చున్నాడు. ఎల్లేశానికి భయమేసింది. పని విషయంలో ఆయనకు భయమేయడం ఎవరూ ఎరగరు. మూత బిగించి, సీసా జేబులో వేసుకుని, స్కూటరు తీశాడు.

మాదాపూర్‌లో ఆ అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీవాడు గులాబీ కండువా చూసి అడ్డం నిలబడ్డాడు. ధర్నాకు వచ్చారేమోనని వాడి భయం.

"జరుగు తమ్మీ. ఈ బిల్డింగు సెల్లారు తవ్వేటప్పుడు మిషను చెయ్యి ఇర్గితే అతికించింది నేనే. నాకు తొవ్వ ఎరికే," అని ఎల్లేశం ర్యాంపు దిగిపోయాడు.

కింద జనరేటర్ల హోరు. గోవిందప్ప చెవులకు దూది పెట్టుకుని మీటర్లు చూస్తున్నాడు. ఎల్లేశాన్ని చూసి దూది తీశాడు గానీ పలకరించలేదు. ఈ హోరులో బతిమాలాలన్నా అరవాల్సిందే. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు ఎల్లేశం.

"రేపు పొద్దుగాల టెస్టు!" అని అరిచాడు.

"తెలుసు!"

"ఎడమ కాలు జేసిన! గీతల్లేవు!"

"నీ అంత పనోనికి నా గీత ఏమిటికప్పా? మీ రాష్ట్రం మీకొస్తాంది గదా, ఆడ ఎవరినన్నా చూసుకో!"

ఎల్లేశానికి రక్తం సర్రున పైకెక్కింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. దగ్గరికి వెళ్లి, గోవిందప్ప చెవి పక్కన నిలబడి, అరవకుండా చెప్పాడు.

"సార్జంటూ, ఇను. నీ మీద కోపం పోలే. నువ్వన్న మాట నేను సచ్చేదాంక మర్వ. రాష్ట్రం సంగతి ఏరే, అది తెచ్చుకుంటం. కానీ రేపు గాల్లకు లేసేది హరిత. నీకు బిడ్డ, నాకు బిడ్డలెక్క. నా పని సూసేటందుకు ఈ పట్నంల నీ కన్ను తప్ప ఇంకో కన్ను లేదు. నాకు దొర్కలే. వస్తవా, రావా?"

గోవిందప్ప మళ్లీ మీటరు వైపు తిరిగాడు. ఆ మీటరులో ముల్లు కదలడం లేదు, చూడ్డానికి ఏమీ లేదు. తర్వాత ఆపరేటర్ని పిలిచి జనరేటర్లు అప్పజెప్పి, "పద," అన్నాడు.

కొండాపూర్ మీదుగా లింగంపల్లి దాకా బాగానే వచ్చారు. లింగంపల్లి దాటగానే రోడ్డుకు అడ్డంగా టైర్లు, రాళ్లు, మధ్యలో పొయ్యి మీద అన్నం గుండిగ. అంతా ఎల్లేశం మనుషులే. ఆయన స్కూటరు చూసి చేతులూపారు, వెనక కూర్చున్న మనిషిని చూసి చేతులు దించారు. ఎల్లేశం ముందే తన కండువా తీసి గోవిందప్ప మెడలో వేయబోయాడు. "నాకొద్దప్పా. నాది కానిది నేనేసుకోను," అని ఆయన తోసేశాడు. అదీ వరస.

ముందు వరసలో నర్సింహ ఉన్నాడు, కంకర టిప్పర్లు నడిపేవాడు, ఎల్లేశానికి వరసకు బామ్మర్ది. "బావా, ఎవరీయన? జై తెలంగాణ అనుమను, తొవ్వ ఇస్తం," అన్నాడు.

గోవిందప్ప పెదవులు బిగించుకుని స్కూటరు వెనక గుంజలా కూర్చున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు జరిగారు. ఎవరో స్కూటరు హ్యాండిలు పట్టుకున్నారు.

ఎల్లేశం స్కూటరు దిగి స్టాండు వేశాడు. "ఆయన అనడు. అనిపియ్యకుర్రి," అన్నాడు. "నేను అంటున్న గదరా మీ అందరికన్న గట్టిగ, ఇన్ని దినాల్నుంచి గొంతు వోయేటట్టు! ఈయన నాకు నోటి కోసం గాదు, కన్ను కోసం గావాలె. ఈయన సూస్తెనే నేను జేసిన పని పనైతది. మన లింగంపల్లిల తయారైన కాళ్లతోని ఇమానం లేస్తున్నదిరా రేపు! తెలంగాణోడు జేసిన పని ఎట్లుంటదో ఢిల్లోడు సూస్తడు. తియ్యుర్రి టైర్లు."

లింగంపల్లి కాళ్లతో విమానం లేస్తుందంటే ఎవడు అడ్డం నిలబడతాడు? టైర్లు పక్కకు జరిగాయి. ఒకాయన రెండు విస్తర్లలో అన్నం, పప్పు పెట్టి తినిపొమ్మన్నాడు. రోడ్డు మీదే నిలబడి ఇద్దరూ తిన్నారు. గోవిందప్ప పప్పు రెండోసారి పెట్టించుకున్నాడు.

హ్యాంగరులో గోవిందప్ప కళ్లద్దాలు తుడుచుకుని, కండువా బదులు టార్చి మెడలో వేలాడేసుకుని రెక్క కిందికి దూరాడు. ఎల్లేశం స్పానర్లు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు, చెయ్యి పెట్టకూడదు కాబట్టి. హరిత ఒక డబ్బా మీద కూర్చుంది. నట్టు తర్వాత నట్టు. చూడటం, వేలితో తడమటం, అద్దం ముక్క పెట్టి వెనక వైపు చూడటం, ఎర్రగీత. ఒక్కో గీత పడుతుంటే ఎల్లేశం ఛాతీ ఒక్కో అంగుళం పెరిగింది. ఆఖరికి సిలిండరు పై మూలన, చెయ్యి పట్టని సందులో ఉన్న నట్టు ఒక్కటే మిగిలింది.

గోవిందప్ప అక్కడ ఆగాడు. టార్చి దగ్గరగా పెట్టాడు. కుంచె సీసాలో పెట్టేశాడు.

"ఎల్లేశం, ఇదేంది?"

మర చివరన తెల్లగా ఒక పోగు. దారపు కొస అంత.

"ఏందో దుమ్ము," అన్నాడు ఎల్లేశం. వంగి చూశాడు. దుమ్ము కాదు. "నేను సుట్టలే. నేను టేపు సుట్టనే సుట్ట, ఒట్టు! నా బిడ్డలెక్కనే ఈ పిల్ల..." అంటుండగానే ఆయన చెయ్యి దానంతటది చొక్కా జేబులోకి పోయింది. జేబులో తెల్ల టేపు చుట్ట ఉంది. ఎప్పుడూ ఉంటుంది. కంప్రెసరు పైపులకు, నీళ్ల మోటరుకు, రోజుకు పదిసార్లు తీసి చుట్టే చుట్ట. ఆ సందులో నట్టు కనబడదు, చేతితో తడిమి బిగించాల్సిందే. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, ఆయన్ని అడక్కుండానే, ఒక చుట్టు చుట్టేసింది.

ఎల్లేశం కూలబడ్డాడు. చక్రాలు జాకీల మీద ఎన్నిసార్లు దించినా దిగాయి. పోగు ఇంకా తెగలేదు కాబట్టి దిగాయి. గాల్లో తెగి ఉంటే? కుడి చక్రం దిగి ఎడమది దిగకుండా ఆ పిల్ల రన్‌వే మీదికి వచ్చి ఉంటే? పొద్దున తాను కుంచె ముంచి పట్టుకుంది ఈ కాలి దగ్గరే. ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

ఇప్పుడంటాడు, అనుకున్నాడు. ఇప్పుడు ఈ కదిరోడు, నూనెలో పుట్టానన్న తన మాటను తిప్పి తన మొహం మీదే కొడతాడు. కొట్టనీ.

గోవిందప్ప వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "ఏమిటికి ఏడుస్తావప్పా," అన్నాడు. "నీ చెయ్యి చేసింది నువ్వు చూడలేదు. నువ్వు రమ్మంటే వచ్చి నేను చూసినా. పద్ధతి ఉండేది దీనికోసమే గదా. నువ్వే గీత గీసుకోని ఇంట్లో పండుకోనుంటే అప్పుడు ఏడ్చాల్సింది." చెయ్యి అందించి, "ల్యా. స్పానరు పట్టు. నేను ముట్టకూడదు," అన్నాడు.

ఎల్లేశం లేచాడు. నట్టు విప్పి పోగు మొత్తం బయటికి తీసి, చినగలేదని ఇద్దరికీ చూపించాడు. అంతటితో ఊరుకుంటే ఎల్లేశం ఎందుకవుతాడు? వ్యవస్థలో ఉన్న నూనె మొత్తం వంచేశాడు. పైపులన్నీ కడిగాడు, సన్నని దారులన్నింట్లో గాలి ఊదాడు, కొత్త ఎర్రనూనె పోసి, బుడగల్లేకుండా పంపు చేశాడు. చక్రాలు ముడిచి దించాడు, ముడిచి దించాడు. గోవిందప్ప మళ్లీ మొదటి నట్టు నుంచి చూసుకుంటూ వచ్చాడు. టేపు చుట్టను ఎల్లేశం హ్యాంగరు బయట ముళ్లపొదల్లోకి విసిరేశాడు. ఆఖరి నట్టు మీద ఎర్రగీత పడేసరికి సూర్యుడు రన్‌వే చివరకు దిగాడు.

రాడ్డు మీద వేలు జారించి చూసి, గోవిందప్ప తలాడించాడు. "ఇంత నున్నగా నేను ఎయిర్ ఫోర్సులో కూడా చూడలేదప్పా," అన్నాడు. ఎల్లేశం దానికి గొప్పేమీ చెప్పలేదు. అదొక వింత.

పొద్దున ఢిల్లీ అధికారి రంగనాథ్ గారు టోపీ పెట్టుకుని, బైనాక్యులర్లు తెచ్చుకుని వచ్చారు. సక్కుబాయి పట్టుచీర కట్టుకుని, టిఫిన్ డబ్బాతో వచ్చింది. హరిత విమానం ఎక్కి, అద్దం మూసుకుని, రన్‌వే మీద పరిగెత్తి, గాల్లోకి లేచింది. గోవిందప్ప చేతిలో చిన్న రేడియో ఉంది.

"చక్రాలు లోపలికి," అంది హరిత గొంతు. మూడు కాళ్లూ బుద్ధిగా ముడుచుకుని పొట్టలో దాక్కున్నాయి. సక్కుబాయి చప్పట్లు కొట్టింది. విమానం పెద్ద చుట్టు తిరిగి రన్‌వే వైపు వచ్చింది.

"చక్రాలు కిందికి." రేడియో గరగరలాడింది. కాక్‌పిట్‌లో ఒక్కో చక్రం దిగి గట్టిగా పట్టుకోగానే ఒక్కో పచ్చదీపం వెలగాలి. "ముందుది పచ్చ. కుడిది పచ్చ. ఎడమది... ఎడమది ఇంకా రాలేదు."

ఎల్లేశం గోవిందప్ప మోచెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. "కొత్త సీలు... జర బిగువుంటది... కొత్త సీలు," అని గొణిగాడు.

గోవిందప్ప చెయ్యి విడిపించుకోలేదు. కళ్లు ఆకాశం మీంచి తిప్పలేదు. "నువ్వు చేసినావు. నేను చూసినా," అన్నాడు. "దిగుతాది."

"ఎడమది పచ్చ!" అంది రేడియో. "నాన్నా, మామా, మూడు పచ్చలు!"

విమానం నేలను తాకింది. ముందు ఎడమ చక్రమే తాకింది, మెత్తగా, తర్వాత కుడిది, తర్వాత ముందుది. ఎల్లేశం అరిచిన అరుపుకు రన్‌వే పక్కన మేస్తున్న మేకలు చెదిరిపోయాయి. జై తెలంగాణ అని అరిచాడు. గోవిందప్ప నవ్వాడు.

రంగనాథ్ గారు కాగితాల మీద రాసుకుంటూ, చక్రాల పని ఎవరిదని అడిగారు. ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. ఇంతకంటే మంచి అదను ఈ జన్మలో దొరకదు. కానీ ఆయన నోరు తెరిచేలోపే గోవిందప్ప అందుకున్నాడు.

"ఈయనది సార్. ఎల్లేశం. ఈ నేల మనిషి. మాదాపూరులో అద్దాల బిల్డింగులు చూసినారే, వాట్లో ఏ ఒక్కదాని పునాది తవ్విన మిషనైనా ఈయన చేతికి రాకుండా పోలేదు. ఈయన లేకపోతే ఆడ ఇంకా రాళ్లే ఉండేటివి. అడగండి సార్. ఎవరినైనా అడగండి."

తన గొప్ప ఇంకొకరి నోటినుంచి వినడం ఎల్లేశానికి అలవాటు లేదు. ఏం చేయాలో తోచక కండువాతో మొహం తుడుచుకుని, "సూసింది ఈయన సార్. ఈయన పేరు గూడ రాయుర్రి," అని, అక్కడ నిలబడలేక విమానం వైపు నడిచాడు. రెక్క కిందికి వంగి ఎడమ కాలు చూశాడు. సిలిండరు పొడిగా ఉంది, నూనె చెమట లేదు. పై మూలన నట్టు మీద ఎర్రగీత గీసినట్టే ఉంది, ఎక్కడా విరగలేదు.

"సార్జంటూ, జర ఇటు రా," అని పిలిచాడు. "గీత సూడు."

"నువ్వు చూస్తివి గదప్పా. చాల్లే."

"చాలదు," అన్నాడు ఎల్లేశం. తన పని గురించి ఇన్నేళ్లలో ఇంత గర్వంగా ఆయన ఇంకే మాటా అనలేదు.

గోవిందప్ప ప్యాంటు పైకి లాక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వెలిగించి రెక్క కిందికి దూరాడు.